టెక్సస్ రియల్ ఎస్టేట్ లైసెన్సు: వివరాలు మారితే కమిషన్‌కు తెలియజేయడం ఎలా?

అమెరికాలో ఇల్లు మారిన తెలుగువారికి ఏఆర్-11 అనే చిరునామా మార్పు పత్రం సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. వీసా మీద ఉన్నా, గ్రీన్ కార్డు చేతికొచ్చినా, చిరునామా మారిన 10 రోజుల్లో ఇమిగ్రేషన్ శాఖకు తెలియజేయాలన్న మాట సామాన్ల పెట్టెలు విప్పకముందే గుర్తుకొస్తుంది. అదే మనిషికి టెక్సస్‌లో రియల్ ఎస్టేట్ లైసెన్సు ఉంటే, దానికీ అదే 10 రోజుల గడువు ఉందన్న సంగతి మాత్రం చాలామందికి తట్టదు. డ్రైవింగ్ లైసెన్సుకు ఈ రాష్ట్రం 30 రోజులు ఇస్తుంది, రియల్ ఎస్టేట్ లైసెన్సుకు అందులో మూడో వంతే.

ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో మొదలుకొని హ్యూస్టన్ పక్కన కేటీ దాకా, వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి శని, ఆదివారాల్లో ఇళ్లు చూపించే తెలుగు ఏజెంట్లు కొల్లలుగా ఉన్నారు. పూర్తికాలం ఇదే పనిలో ఉన్నవారి ఆఫీసులో ఇలాంటివి గుర్తుచేసే మనిషి ఒకరుంటారు. వారాంతపు ఏజెంటుకు అలా గుర్తుచేసేవారు ఉండరు. అందుకే ఈ వ్యాసం ముఖ్యంగా వారి కోసం. ఇందులో చెప్పేవన్నీ టెక్సస్ నియమాలే. వేరే రాష్ట్రంలో లైసెన్సు ఉన్న బంధువు చెప్పిన గడువును ఇక్కడ నమ్ముకోకండి. కాలిఫోర్నియాలో చిరునామా మార్పుకు 30 రోజులు ఇస్తారు, ఇక్కడ ఇవ్వరు.

ముందు మీ రికార్డులో ఏముందో చూడండి

ఏదైనా మార్చే ముందు, ఇప్పుడు ఏం నమోదై ఉందో తెలుసుకోవాలి. ఆస్టిన్‌లో ఉన్న టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్‌ను ఈ వృత్తిలో అందరూ ‘ట్రెక్’ అంటారు. దాని వెబ్‌సైటులో లైసెన్సుదారులను వెతికే పేజీ ఒకటి ఉంది. అక్కడ మీ పేరో, లైసెన్సు నంబరో కొట్టి చూడండి. మీ లైసెన్సు చెల్లుబాటులో ఉందా, ఎప్పటిదాకా ఉంది, మీ స్పాన్సర్ బ్రోకర్ (మీరు ఎవరి కింద పనిచేస్తున్నారో ఆ బ్రోకర్) ఎవరు అన్నవి అక్కడ కనిపిస్తాయి. మీ దగ్గర ఇల్లు కొనబోయేవారికి, అవతలి పక్షం ఏజెంటుకు, ఫిర్యాదు చేయదలచినవారికి కనిపించేది కూడా ఇదే.

తరువాత కమిషన్ పోర్టల్లో మీ ఖాతాలోకి వెళ్లి ఉత్తరాల చిరునామా, ఫోను నంబరు, ఈమెయిలు సరిచూడండి. పరీక్ష రాసిన రోజుల్లో ఇచ్చిన ఈమెయిలే ఇప్పటికీ ఉన్నవారు చాలామంది. పాస్‌వర్డు మరిచిపోయి ఖాతాలోకే వెళ్లలేకపోతే దాన్ని ఈరోజే తేల్చుకోండి. గడువు ముంచుకొచ్చిన రాత్రి ఆ పని పెట్టుకోకూడదు.

చిరునామా, ఫోను, ఈమెయిలు: 10 రోజులు

వృత్తికి వాడే ఉత్తరాల చిరునామా, ఫోను నంబరు, ఈమెయిలు మూడూ కమిషన్ దగ్గర ఉండాలి. ఏది మారినా 10 రోజుల్లో చెప్పాలి. పోర్టల్లో మార్చి భద్రపరిస్తే సరిపోతుంది, మొత్తం కలిపి కొద్ది నిమిషాల పని.

చెప్పకపోతే ఏమవుతుందన్నదే అసలు విషయం. మీరు కొత్తది ఇవ్వనంతవరకు, మీరు చివరిసారి ఇచ్చిన చిరునామానే మీ చిరునామాగా కమిషన్ లెక్కిస్తుంది. మీ మీద ఎవరో ఫిర్యాదు చేశారనుకోండి. వివరణ అడుగుతూ వచ్చిన నోటీసు, మీరు ఎప్పుడో ఖాళీ చేసిన అపార్ట్‌మెంటుకు పోతుంది. మీరు చూడలేదు కాబట్టి జవాబివ్వలేదు. ఫిర్యాదులో పస లేకపోవచ్చు, కానీ కమిషన్ అడిగిన సమాచారం సకాలంలో ఇవ్వకపోవడం దానికదే వేరే తప్పు. అప్పుడు ‘నాకు అందలేదు’ అన్న మాట నిలబడదు. టెక్సస్ చట్టం ఒక్కో ఉల్లంఘనకు 5,000 డాలర్ల దాకా జరిమానా వేయడానికి వీలిస్తుంది. చిరునామా ఆలస్యానికి అంత వేస్తారని కాదు గానీ, ఒకటి రెండై, రెండు మూడయ్యే దారి అలా మొదలవుతుంది.

ఈమెయిలు విషయంలో ఒక సలహా. బ్రోకరేజి ఇచ్చిన ఈమెయిలును కమిషన్‌కు ఇవ్వకండి, ఆ సంస్థను వదిలిన రోజే అది మూతపడుతుంది. పగటి ఉద్యోగంలోని కంపెనీ ఈమెయిలు అంతకన్నా చేటు. లైసెన్సు పనికే వేరుగా ఒక సొంత ఈమెయిలు తెరిచి, దాన్ని ఫోనులో పెట్టుకోండి.

మీరు బ్రోకర్ అయితే, లైసెన్సులో చూపిన ఆఫీసు చిరునామా మారినా అదే 10 రోజుల లెక్క. టెక్సస్‌లో నివసించే బ్రోకరుకు రాష్ట్రంలో స్థిరమైన ఆఫీసు ఉండి తీరాలి.

పేరు మారితే

మన పేర్లతో వచ్చే చిక్కులు ఇక్కడి నియమాలు రాసినవారి ఊహకు అందేవి కావు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే గడిలో ఉన్నవారు ఉన్నారు. పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు కొన్ని పత్రాల్లో చేరి, కొన్నింటిలో చేరనివారు ఉన్నారు. అమెరికా పౌరసత్వం తీసుకునేటప్పుడు, ఎలాగూ అవకాశం ఉంది కదా అని, పొడుగాటి పేరును కుదించుకున్నవారూ ఉన్నారు. ఈ చివరి సందర్భంలో పాస్‌పోర్టు, సోషల్ సెక్యూరిటీ, డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు అన్నీ వరసగా మారతాయి. రియల్ ఎస్టేట్ లైసెన్సు మాత్రం పాత పేరుతోనే మిగిలిపోతుంది.

చట్టబద్ధంగా పేరు మారితే, ఆ మార్పును చూపే పత్రంతో కమిషన్‌కు అభ్యర్థన పంపాలి. పెళ్లి ధ్రువపత్రం, విడాకుల తీర్పు, పేరు మార్పుకు కోర్టు ఇచ్చిన ఉత్తర్వు వంటివి ఇందుకు పనికొస్తాయి. భారతదేశంలో జరిగిన పెళ్లి పత్రం తెలుగులో ఉంటే, ఇంగ్లీషు అనువాదం ముందే సిద్ధం చేసుకోవడం మేలు. లేకపోతే ఉత్తర ప్రత్యుత్తరాలకే వారాలు పడతాయి.

చట్టబద్ధమైన పేరు మారకుండా, వాడుక పేరుతో వ్యాపారం చేయడం వేరే సంగతి. లైసెన్సులో ‘వెంకట సత్య శ్రీనివాసరావు’ అని ఉంటుంది, కరపత్రం మీద ‘వాసు’ అని ఉంటుంది. టెక్సస్ నియమాలు దీన్ని తప్పు పట్టవు, కానీ నమోదు చేయించమంటాయి. మధ్య పేరు, పెళ్లికి ముందరి పేరు, ముద్దుపేరు వంటివి లైసెన్సులో ఉన్న పేరుకు భిన్నంగా ప్రకటనల్లో వాడితే అది ‘ప్రత్యామ్నాయ పేరు’ కిందికి వస్తుంది. వాడటం మొదలుపెట్టిన 30 రోజుల్లో దాన్ని కమిషన్ దగ్గర నమోదు చేయించాలి. వాడటం మానేసినా 30 రోజుల్లో చెప్పాలి.

ఒక మినహాయింపు ఉంది. అసలు పేరు నుంచి అందరికీ తెలిసేలా పుట్టిన పొట్టి రూపాన్ని నమోదు చేయనక్కరలేదు. కింబర్లీకి కిమ్ అన్నది నియమంలోనే ఉన్న ఉదాహరణ. మరి శ్రీనివాసుకు ‘శ్రీని’, వెంకటేశ్వర్లుకు ‘వెంకట్’ మాటేమిటి? మనకు అవి తేటతెల్లమే, ఆస్టిన్‌లో ఫైలు చూసే ఉద్యోగికి అలా కనిపిస్తాయని హామీ లేదు. నా మాట వింటే నమోదు చేయించండి. అది పెద్ద పని కాదు, తరువాత వాదించుకోవడమే పెద్ద పని.

బ్రోకర్ మారడం: వరస తప్పితే చిక్కు

టెక్సస్‌లో సేల్స్ ఏజెంటు తన స్పాన్సర్ బ్రోకర్ ద్వారా తప్ప సొంతంగా ఈ వ్యాపారం చేయకూడదు. స్పాన్సర్ లేని రోజు లైసెన్సు ‘నిష్క్రియం’ అవుతుంది. అది మీ దగ్గరే ఉంటుంది, గడువూ ఉంటుంది, కానీ దానితో ఏ పనీ చేయరాదు. ఇల్లు చూపించకూడదు, ఓపెన్ హౌస్‌లో కూర్చోకూడదు, ఆఫరు రాయకూడదు, తెలిసినవారిని వేరే ఏజెంటుకు పంపి రెఫరల్ డబ్బు తీసుకోకూడదు. శుక్రవారం సాయంత్రం పాత బ్రోకరుకు కోపంగా సందేశం పంపి, శనివారం ఉదయం క్లయింటుకు ఇల్లు చూపించడానికి వెళ్లేవారు ఈ మాట రెండుసార్లు చదవాలి.

కాబట్టి పని ఈ వరసలో జరగాలి.

పాత బ్రోకరుతో చేసుకున్న ఒప్పందాన్ని తీసి చదవండి. లిస్టింగులు (ఇల్లు అమ్మిపెట్టడానికి యజమానితో చేసుకున్న ఒప్పందాలు) మీవి కావు, బ్రోకరువి. ఇల్లు కొనేవారు సంతకం చేసిన ప్రాతినిధ్య ఒప్పందాలూ అంతే. ‘నా క్లయింటు కదా, నాతోనే వస్తారు’ అన్నది స్నేహం వరకు నిజం, కాగితం మీద కాదు. వారిని మీతో తీసుకుపోవాలంటే పాత బ్రోకర్ వదులుకుంటున్నట్టు రాతపూర్వకంగా ఇవ్వాలి. ముగింపుకు రాని కాంట్రాక్టుల కమిషన్ డబ్బు ఎంత, ఎప్పుడు ఇస్తారన్నది కూడా అందులోనే ఉంటుంది. ఈ డబ్బు విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. ఏజెంటు తన బ్రోకర్ నుంచి గానీ, ఆ డబ్బు సంపాదించిన నాటి బ్రోకర్ నుంచి గానీ తప్ప మరెవరి నుంచీ తీసుకోకూడదు. అంటే పాత సంస్థలో ఉండగా కుదిర్చిన ఇంటి డబ్బును పాత బ్రోకరే మీకు ఇవ్వవచ్చు. టైటిల్ కంపెనీ (ఇంటి అమ్మకం లావాదేవీని ముగించే సంస్థ) వారో, క్లయింటో నేరుగా మీ చేతికి ఇస్తామంటే వద్దనాలి.

తరువాత కొత్త బ్రోకర్ లైసెన్సును కమిషన్ పేజీలో వెతకండి. సంస్థ పేరు బోర్డు మీద ఒకలా, లైసెన్సులో మరోలా ఉండటం మామూలే. కాబట్టి లైసెన్సు నంబరు అడిగి తీసుకోండి. గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. బ్రోకర్ లైసెన్సు గడువు దాటినా, రద్దయినా, వారి కింద ఉన్న ఏజెంట్లందరి లైసెన్సులూ దాంతోపాటే నిష్క్రియమవుతాయి. మీ తప్పు లేకుండానే మీ పని ఆగిపోతుంది. సంస్థ అయితే దానికి ‘డిజిగ్నేటెడ్ బ్రోకర్’గా ఒక వ్యక్తి ఉండాలి. ఆ వ్యక్తి తప్పుకున్నాక మరొకరు వచ్చేదాకా సంస్థ వ్యాపారం చేయకూడదు. చేరే ముందు ఆ పేరు కూడా అడగండి.

కొత్త బ్రోకర్ సిద్ధంగా ఉన్నారని తేలాకే పాత బ్రోకరుకు వెళ్తున్నట్టు రాయండి. ఎవరు బంధం తెంచుకున్నా, రెండోవారికీ కమిషన్‌కూ వెంటనే తెలియజేయాల్సిన బాధ్యత వారిదే. నోటిమాట, ఫోను సంభాషణ చాలవు, ఈమెయిలు పంపి ఉంచుకోండి. ఆ వెంటనే పోర్టల్లో కొత్త స్పాన్సర్ కోసం అభ్యర్థన పెట్టి, కొత్త బ్రోకరుకు ఫోను చేసి ఆమోదించమనండి. ఈ పని ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. మీరు అభ్యర్థన పెట్టేసి అయిపోయిందనుకుంటారు, అవతల బ్రోకర్ ఇన్‌బాక్సులో అది చూడకుండా పడి ఉంటుంది.

చివరగా, వెతికే పేజీలోకి మళ్లీ వెళ్లండి. మీ పేరు కింద కొత్త బ్రోకర్ పేరు, పక్కన లైసెన్సు క్రియాశీలంగా ఉన్నట్టు కనిపించేదాకా పని మొదలుపెట్టకండి. కనిపించాక ఆ తెరను ఒక ఫొటో తీసి తేదీతో దాచుకోండి.

పాత బ్రోకరుతో మాట పడి విడిపోతున్నా, ఈమెయిలులో నాలుగు వాక్యాలు మర్యాదగా రాయండి. మన ఊళ్లలో అందరూ అందరికీ తెలుసు, రేపు అదే బ్రోకర్ అవతలి పక్షాన కూర్చుంటారు.

టీమ్ పేర్లు, సొంత కంపెనీలు

ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పేరు పెట్టుకుని పనిచేయడం ఇప్పుడు మామూలైంది. ఆ టీమ్ పేరును మీరు కాదు, మీ బ్రోకర్ నమోదు చేయించాలి. దానికీ మొదలుపెట్టిన 30 రోజుల గడువే, ఆపేసినా 30 రోజులే. టీమ్ పేరు చివర ‘టీమ్’ లేదా ‘గ్రూప్’ అన్న పదం ఉండాలి. చూసేవారికి అదే ఒక బ్రోకరేజి అనిపించేలా ‘బ్రోకరేజ్’, ‘కంపెనీ’ వంటి పదాలు పెట్టకూడదు. బ్రోకర్ మారితే టీమ్ పేరు దానంతట అది మీ వెంట రాదు, కొత్త బ్రోకర్ మళ్లీ నమోదు చేయించాలి.

కమిషన్ డబ్బు తన పేరు మీద కాక ఎల్‌ఎల్‌సీలోకి (పరిమిత బాధ్యత కంపెనీలోకి) రావాలని పన్ను సలహాదారు చెబితే వెంటనే కంపెనీ తెరిచేవారు మనలో ఎక్కువ. కంపెనీ తెరవడం తేలికే, కానీ లైసెన్సుదారు తరఫున డబ్బు తీసుకునే ఆ సంస్థకూ కమిషన్‌తో పని ఉంటుంది. దానికి బ్రోకర్ లైసెన్సు అయినా ఉండాలి, లేదా మినహాయింపు కోసం కమిషన్ దగ్గర నమోదైనా కావాలి. మినహాయింపు కావాలంటే సంస్థలో కనీసం 51 శాతం వాటా ఆ లైసెన్సుదారుదే అయి ఉండాలి, సంస్థ వేరే బ్రోకరేజి పనులేవీ చేయకూడదు. భార్యాభర్తలు చెరి సగం పెట్టుకున్న ఎల్‌ఎల్‌సీ ఈ లెక్కకు రాదని గమనించండి.

కోర్టు సంగతులు

దీని గురించి ఎవరూ అడగరు, అందుకే చెప్పాలి. ఫెలనీ అనే పెద్ద నేరంలో గానీ, మోసానికి సంబంధించిన ఏ నేరంలో గానీ శిక్ష ఖాయమైనా, నేరం ఒప్పుకున్నా, ‘నోలో కంటెండరే’ అని ఎదిరించకుండా ఊరుకున్నా, 30 రోజుల్లో కమిషన్‌కు చెప్పాలి. జైలు లేకుండా పర్యవేక్షణతో సరిపెట్టారు కదా, ఇది లెక్కలోకి రాదులే అనుకోవడం ప్రమాదం. క్రిమినల్ లాయరు చూసేది కేసునే తప్ప మీ లైసెన్సును కాదు. ఏదైనా ఒప్పుకునే ముందే, నాకు ఫలానా లైసెన్సు ఉందని ఆయనకు చెప్పండి. వీసా ఉన్నవారు ఇమిగ్రేషన్ లాయరును అడగడం ఎలా మరువరో, ఇదీ అలాగే.

కమిషన్‌కు చెప్పాక మిగిలే పనులు

పోర్టల్లో మార్చగానే ప్రపంచమంతా మారిపోదు. ఎంఎల్‌ఎస్ (ఏజెంట్లు లిస్టింగులు పెట్టే ఉమ్మడి జాబితా), రియల్టర్ల సంఘం, ఇంటి తలుపుకు పెట్టే లాక్‌బాక్సు సేవ, ఈ మూడింటికీ కమిషన్‌తో సంబంధం లేదు. ఎవరికి వారికి వేరుగా చెప్పాలి. డాలస్ ప్రాంతంలో ఎంఎల్‌ఎస్ నడిపే ఎన్‌ట్రీస్, హ్యూస్టన్‌లో నడిపే హార్ వారి వద్ద మీ బ్రోకర్ వివరం మారకపోతే, లిస్టింగు పాత సంస్థ పేరుతోనే బయటికి పోతుంది. వృత్తిపరమైన పొరపాట్లకు బీమా ఉంటే ఆ సంస్థకూ చెప్పండి.

అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయేది ‘ఐఏబీఎస్’ పత్రం. బ్రోకరేజి సేవల గురించి కమిషన్ తయారుచేసిన ఈ పత్రం కింద బ్రోకర్ సంస్థ, డిజిగ్నేటెడ్ బ్రోకర్, పర్యవేక్షకుడు, ఏజెంటు అని వరసగా గళ్లు ఉంటాయి. ఒక్కొక్కరి పేరు, లైసెన్సు నంబరు, ఈమెయిలు, ఫోను అందులో నింపాలి. బ్రోకర్ మారితే దాదాపు ఆ గళ్లన్నీ మారతాయి. దీన్ని మీ వెబ్‌సైటు మొదటి పేజీలోనే లింకుగా పెట్టాలి, అక్షరాలు కనీసం 10 పాయింట్ల సైజులో ఉండాలి. వినియోగదారుల రక్షణ నోటీసు లింకు కూడా ఉండాలి. చాలా వెబ్‌సైట్లలో లింకు సరిగ్గానే ఉంటుంది, నొక్కి చూస్తే లోపల రెండు సంస్థల కిందటి బ్రోకర్ పేరు ఉంటుంది.

ఆ తరువాత మీ ప్రకటనలు. ప్రకటనలో మీ పేరు, బ్రోకర్ పేరు రెండూ ఉండాలి. అందులో ఏజెంటుకు సంబంధించి అన్నిటికన్నా పెద్దగా ఉన్న అక్షరాల్లో కనీసం సగం సైజులోనైనా బ్రోకర్ పేరు కనిపించాలి. వాట్సాప్ గ్రూపులో పెట్టే బొమ్మ ప్రకటన కాదనుకుంటే పొరపాటే. పట్టు బట్టలతో, మామిడి తోరణాల మధ్య మీ ఫొటో, కింద ‘ఉగాది శుభాకాంక్షలు’, ఇంకా కింద ‘ఇల్లు కొనాలన్నా అమ్మాలన్నా సంప్రదించండి’ అని ఫోను నంబరు. దాన్ని కాలనీ గ్రూపులో, గుడి గ్రూపులో, పిల్లల బడి గ్రూపులో పెట్టినప్పుడు అది ముమ్మాటికీ ప్రకటనే. కిందటి ఏడాది డిజైనరు చేసిచ్చిన బొమ్మలో సంవత్సరం పేరు మాత్రం మార్చి మళ్లీ పంపేటప్పుడు, మూలన ఉన్న పాత బ్రోకరేజి గుర్తు ఎవరి కంటా పడదు. పడేది పాత బ్రోకరుకే.

ఫోనులో ఉన్న పండుగ బొమ్మలు, ఫేస్‌బుక్ పేజీ, ఈమెయిలు కింది సంతకం, కారు వెనక అంటించిన స్టిక్కరు, ఇళ్ల ముందు పాతిన బోర్డులు, డబ్బాలో మిగిలిన విజిటింగ్ కార్డులు, అన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే కొట్టేయండి. కార్డులు ఇంకా రెండు వందలున్నాయని దాచుకోకండి, చించేయండి. బోర్డు మీద ఉన్నది పాత సంస్థ పేరైతే దాన్ని పీకి వారికే తిరిగి ఇవ్వాలి. ఆ బోర్డు, ఆ లిస్టింగు రెండూ వారివే.